నాన్న ఈలేసిన ఎడారి

సినిమా పాటకి పాస్‌పోర్టు అక్కర్లేదు. వీసా అసలే అక్కర్లేదు. పల్లవిలో మంచుకొండ, మొదటి చరణంలో ఇసుకతిన్నె, రెండో చరణానికల్లా సముద్రపొడ్డు! హీరోయిన్ చీర మారినంత తేలిగ్గా దేశం మారిపోతుంది. మనం కూడా హాల్లో కూర్చుని, పాప్‌కార్న్ నములుతూ, నాలుగు నిమిషాల్లో మూడు ఖండాలు తిరిగొచ్చేస్తాం.

పైగా అది ఏ ఊరో కూడా అడగం. 'రోబో' (2010)లో కిలిమంజారో అంటూ రజనీకాంత్, ఐశ్వర్యారాయ్ హుషారుగా గంతులేసిన పాట గుర్తుందిగా? కిలిమంజారో పర్వతం ఉన్నది ఆఫ్రికాలోని టాంజానియాలో. పాట తీసిందేమో దక్షిణ అమెరికాలో, పెరూ దేశపు మాచు పిచ్చు కొండమీద! రెండింటికీ మధ్య అట్లాంటిక్ మహాసముద్రం మొత్తం పరుచుకుని ఉంది. ప్రపంచమంతా చిందులేసిన 'నాటు నాటు' సంగతి చూడండి. కథలో అది ఢిల్లీ. తీసింది 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్ నగరంలో, మారిన్‌స్కీ భవనం ముందు. ఆ పాటకే 2023లో ఆస్కార్ వచ్చింది.

తప్పు పట్టడానికి చెప్పడం లేదండోయ్! అతుకు లేకపోతే సినిమాయే లేదు. ఎడిటర్ గారు ఒక షాటుకీ ఇంకో షాటుకీ మధ్య ఉన్న దూరాన్ని కత్తిరించి అవతల పారేస్తారు. అది ఆయన వృత్తి ధర్మం. కాకపోతే ఆ కత్తిరించి పారేసిన ముక్కలో ఏముంటుంది అన్నదే నా ప్రశ్న. 2024 అక్టోబర్‌లో నేనూ మా నాన్నా అమెరికా వెళ్ళి, పన్నెండు రోజులపాటు, మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు కారులో తిరిగి ఆ ముక్కని చూసొచ్చాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చినంత దూరమన్నమాట. ఆ ముచ్చటే ఇది.

పన్నెండేళ్ళ కుర్రాడు, నేల టిక్కెట్టు

నా కాపురం మణికొండలో, మర్రిచెట్టు సెంటర్‌కి నడిచిపోయేంత దూరంలో. మా అపార్ట్‌మెంటులో ఏ తలుపు తట్టినా సాఫ్ట్‌వేర్ ఇంజనీరే తీస్తాడు. పత్రికలకి రాసుకు బతికేవాణ్ణి నేనొక్కణ్ణే. లిఫ్టులో ఎవరైనా "మీదే కంపెనీ అండీ?" అనడిగితే, "మా కంపెనీలో నేనొక్కణ్ణే ఉద్యోగినండీ" అంటాను. వాళ్ళు నవ్వి, జాలిగా చూసి, తమ అంతస్తులో దిగిపోతారు.

మా నాన్నది తెనాలి పక్క పల్లెటూరు. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక నా దగ్గరికి వచ్చేశారు. ఆయనకి లెక్కలొక మతం, సూపర్‌స్టార్ కృష్ణ ఇంకో మతం. బుర్రిపాలెం బుల్లోడంటే పక్కూరి కుర్రాడే కదా! 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చినప్పుడు నాన్నకి పన్నెండేళ్ళు. నేల టిక్కెట్టు కొనుక్కుని, ముందు వరసలో కూర్చుని, టోపీ, తుపాకీ, గుర్రం ఉన్న ఆ తెలుగు కౌబాయ్‌ని చూసి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈలేశారట. ఈలెయ్యడం నేర్చుకుంది ఆ రోజేనట.

ఆ సినిమా గురించి ఈ తరం పాఠకులకి రెండు మాటలు చెప్పాలి. పద్మాలయా వారి చిత్రం. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి. కృష్ణ సరసన విజయనిర్మల. తెలుగులో అదే మొదటి కౌబాయ్ చిత్రం. ఇంగ్లీషులోకి 'ట్రెజర్ హంట్' పేరుతో డబ్ చేసి విదేశాల్లో కూడా విడుదల చేశారు. ముప్ఫై ఏళ్ళు దాటాక 2002లో ఆయనబ్బాయి మహేష్ బాబు 'టక్కరి దొంగ'లో అదే టోపీ పెట్టుకున్నాడు.

2022 నవంబర్ 15న కృష్ణగారు పోయారు. ఆ రోజు నాన్న అన్నం తినలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకే నాన్న గుండెకి స్టెంటు వేశారు. ఇంటికొచ్చాక మనిషి బాగానే ఉన్నాడు గానీ, దేనిమీదా ధ్యాస లేదు. పేపర్ చదవరు. టీవీ పెట్టరు. బాల్కనీలో కూర్చుని ఎదురు బిల్డింగుకి ఎన్ని అంతస్తులు లేచాయో లెక్కపెట్టేవారు. డాక్టరు గారు, "మందులతో పాటు మనసుకి ఏదైనా పని పెట్టండి" అన్నారు.

2023 మే 31న, కృష్ణగారి జయంతికి, 'మోసగాళ్ళకు మోసగాడు'ని 4కె హంగులతో మళ్ళీ విడుదల చేశారు. నాన్నని తీసుకెళ్ళాను. హాలంతా కుర్రకారు... కాగితాలు ఎగరేస్తున్నారు. ఇంటర్వెల్లో నాన్న నెమ్మదిగా అన్నారు, "ఒరే, ఈ ఎడారి అసలుది ఎక్కడుందో అక్కడికి ఒక్కసారి వెళ్ళాలిరా."

కొన్ని నెలల తర్వాత ఆయన నోటివెంట వచ్చిన మొదటి కోరిక అది.

అక్క కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్ ఊళ్ళో ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా రమ్మని పోరుతోంది. ఇక కదిలాం. అమెరికన్ కాన్సులేట్ 2023లో నానక్‌రామ్‌గూడకి మారింది కాబట్టి మణికొండ నుంచి కూతవేటు దూరం. అయినా నాన్న ముందు చిలుకూరు వెళ్ళి పదకొండు ప్రదక్షిణాలు చేశారు. వీసా వచ్చాక నూట ఎనిమిది. గుండె డాక్టరు గారు, "వెళ్ళొచ్చు. కొండలెక్కకూడదు. పరుగులెత్తకూడదు. రెండు గంటలకోసారి కారు ఆపి నడవాలి" అని మూడు షరతులు పెట్టి పంపించారు. ఆ మూడో షరతే మా ప్రయాణాన్ని మార్చేసిందని అప్పుడు మాకు తెలీదు.

రెండ్రోజుల్లో మూడు కాలాలు

ఒకచోట విమానం మారి, ఇంచుమించు రోజంతా గాల్లోనే గడిపి దిగాం. అక్కడి గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. మూడు రోజులు అక్క ఇంట్లో నిద్ర సర్దుకుని, నాలుగోరోజు తెల్లవారుజామున బయల్దేరాం. బావ డ్రైవింగు. అక్క పక్కన. వెనక సీట్లో నాన్న, నేను, మా మధ్యలో చింతపండు పులిహోర గిన్నె.

మొదటి మజిలీ యోసెమిటి. వెయ్యి మీటర్లకు దగ్గరగా నిట్టనిలువుగా లేచిన రాతిగోడలు. మర్నాడు టియోగా కనుమ దాటాం. ఎత్తు 3,031 మీటర్లు. శీతాకాలమంతా మంచుతో మూసేసే దారి అది. పొద్దున్నే స్వెట్టర్లో కూడా వణుకు. నాన్న చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఆయన నాడి చూస్తున్నానని ఆయనకి తెలుసు. తెలీనట్టు నటించారు.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నానికి డెత్ వ్యాలీలో ఉన్నాం. మృత్యులోయ! అక్కడ బాడ్‌వాటర్ అనే చోటు సముద్రమట్టానికి 86 మీటర్లు కిందకి ఉంటుంది. నేలంతా ఉప్పు పేరుకుపోయి తెల్లగా పలకలు పలకలుగా ఉంటుంది. 1913 జూలై 10న ఈ లోయలోనే 56.7 డిగ్రీల ఎండ నమోదైంది. ప్రపంచ రికార్డు పట్టికలో ఇప్పటికీ అదే అంకె. మేం వెళ్ళింది అక్టోబర్లో అయినా మన మే నెల ఎండే కాసింది. అంటే ముప్ఫై గంటల్లో స్వెట్టర్ నుంచి తడిగుడ్డ దాకా వచ్చామన్నమాట!

అన్నట్టు, 'స్టార్ వార్స్' (1977) చూసినవాళ్ళకి ఈ లోయ కొత్తకాదు. అందులో ఇంకో గ్రహంగా చూపించిన ఎడారి దృశ్యాల్లో కొన్ని ఇక్కడే తీశారు. భూమ్మీద ఉన్న చోటునే ఆకాశంలోకి ఎక్కించేశారు కాబోలు!

సరే, ఇదంతా కెమెరాతో పట్టగలిగిందే. పట్టలేనిది మధ్యలో ఉంది. డాక్టరు గారి ఆజ్ఞ ప్రకారం రెండు గంటలకోసారి ఎక్కడ పడితే అక్కడ ఆగాం కదా! ఒక పెట్రోలు బంకు, ఒక చెట్టు, పేరు లేని ఒక సందు, గాలికి ఊగే గడ్డి. ఏ టూరిస్టు పుస్తకంలోనూ లేని చోట్లు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని పది నిమిషాలు అటూ ఇటూ నడిచేవారు. "ఇక్కడ వాన ఏ నెలలో పడుతుందో?" "ఈ చేను ఎవరిదో?" "పిల్లలు బడికి ఎంత దూరం వెళ్ళాలో?" పంతులు ప్రశ్నలు. ఎదురు బిల్డింగు అంతస్తులు లెక్కపెట్టిన మనిషి నోట మళ్ళీ ప్రశ్నలు వస్తున్నాయి. అక్క అద్దంలోంచి నావైపు చూసింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

అక్కడ దొరికిన ఖాజాగూడ

డెత్ వ్యాలీకి ముందు లోన్ పైన్ అనే చిన్న ఊరొచ్చింది. ఊరికి ఆనుకుని అలబామా హిల్స్ అని రాతిగుట్టలున్నాయి. వెనక మౌంట్ విట్నీ శిఖరం, 4,421 మీటర్లు. అలాస్కాని పక్కనపెడితే అమెరికాలో అదే ఎత్తైన కొండ. ఆ శిఖరానికీ, మేం మర్నాడు నిలబడబోయే పాతాళానికీ గీతగీసి కొలిస్తే నూట నలభై కిలోమీటర్లు కూడా లేదు!

కారు దిగి గుట్టలవైపు చూసిన నాన్న నోరు తెరిచారు. "ఏరా... ఇది మన ఖాజాగూడ కదూ!"

నిజమే. గుండ్రటి బండమీద ఇంకో గుండ్రటి బండ. పడిపోతుందేమో అన్నట్టుండి ఎన్నటికీ పడని బండ. మణికొండ నుంచి ఖాజాగూడ చెరువు వైపు పొద్దున్నే నడకకి వెళ్ళేవాళ్ళెవరైనా సరే, కళ్ళు కట్టి తెచ్చి అక్కడ దింపితే, "ఆటోకి ఎంతవుతుంది?" అని అడుగుతారు.

ఇక్కడే ఉంది అసలు తమాషా. ఈ గుట్టల్లో నాలుగు వందలకు పైగా సినిమాలు తీశారు. ఊళ్ళో వాటికోసం ఒక మ్యూజియమే ఉంది. కౌబాయ్ చిత్రాలు సరే... 1939లో 'గంగాదీన్' అనే హాలీవుడ్ సినిమా కూడా ఇక్కడే తీశారు. దాని కథ ఎక్కడ జరుగుతుందో తెలుసా? మన దేశంలో! బ్రిటిష్ వాళ్ళ కాలంనాటి వాయవ్య సరిహద్దు కనుమలు. అంటే కాలిఫోర్నియా రాళ్ళకి తలపాగా చుట్టి 'ఇదే ఇండియా' అన్నారన్నమాట. 2008లో వచ్చిన 'ఐరన్ మ్యాన్'లో ఆఫ్ఘనిస్తాన్‌గా కనిపించే చోట్లలోనూ ఈ ప్రాంతం ఉంది.

నాన్న ఇదంతా విని నవ్వడం మొదలుపెట్టారు. "అయితే సరికి సరి! వాళ్ళు మన దేశాన్ని ఇక్కడ తీశారు. మనవాళ్ళు వీళ్ళ దేశాన్ని అక్కడ తీశారు."

"అక్కడంటే ఎక్కడ నాన్నా?"

"అదే, మోసగాళ్ళకు మోసగాడు."

నాకు తెలిసిన సంగతి అప్పుడు చెప్పాను. 1971లో కృష్ణగారి యూనిట్ గుర్రాలతో, తుపాకులతో దిగింది రాజస్థాన్ ఎడారిలో. దానికి స్ఫూర్తినిచ్చిన చిత్రాల్లో ఒకటి 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966). దాన్ని తీసింది ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె. తీసింది స్పెయిన్ దేశంలో! అంటే ఇటలీవాడు స్పెయిన్‌లో అమెరికాని చూపిస్తే, అది చూసి తెలుగువాడు రాజస్థాన్‌లో కౌబాయ్‌ని చూపించాడు. అది చూసి తెనాలి పక్కపల్లె కుర్రాడు ఈలేశాడు. ఇన్ని దేశాలు కలిస్తే గాని ఒక ఈల పుట్టలేదన్నమాట!

నాన్న చాలాసేపు ఆ బండలవైపే చూస్తూ నిలబడ్డారు. "మరి అసలుది?" అన్నారు చివరికి.

"అది ఇంకా నాలుగు రోజుల దూరం."

విష్ణు పేరున్న రాళ్ళు

మధ్యలో లాస్ వేగాస్. దీపాలు, జూదశాలలు, అర్ధరాత్రి పగలు. నాన్న తొమ్మిదింటికి మాత్రలేసుకుని పడుకున్నారు. మేమూ పడుకున్నాం. అంతకంటే రాయడానికేం లేదు.

తర్వాత గ్రాండ్ కాన్యన్. కొలరాడో నది కోసిన లోయ. పొడవు 446 కిలోమీటర్లు. లోతు ఒక మైలు పైనే. అంచున కమ్మీ పట్టుకుని నిలబడితే అవతలి గట్టు మరో దేశంలా ఉంటుంది. ఇక్కడ కూడా ఒక వింత. లోపల లేచిన రాతి శిఖరాల్లో ఒకదాని పేరు విష్ణు టెంపుల్. ఇంకోటి శివ టెంపుల్. 1880 ప్రాంతాల్లో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని చూసి, తూర్పు దేశపు గోపురాల్లా ఉన్నాయని మన దేవుళ్ళ పేర్లు పెట్టాడు. అడుగున ఉన్న ప్రాచీనమైన రాతికి కూడా విష్ణు పేరే. దాని వయసు సుమారు నూట డెబ్బై అయిదు కోట్ల సంవత్సరాలు.

"మన రాళ్ళ వయసెంత?" అన్నారు నాన్న. ఫోనులో వెతికి చెప్పాను. హైదరాబాద్ నల్లరాయి, అదే గ్రానైటు, ఇంచుమించు రెండు వందల యాభై కోట్ల ఏళ్ళది. అంటే వేల మైళ్ళు ఎగిరొచ్చి, టిక్కెట్టు కొని, కమ్మీ పట్టుకుని తొంగి చూస్తున్న ఈ పాతాళపు రాయికంటే, మా వీధి చివర మందుపాతర పెట్టి పేల్చిన బండ పెద్దదన్నమాట! మణికొండ పేర్లో కొండ ఉంది. ఊళ్ళో మాత్రం అపార్ట్‌మెంట్లున్నాయి. వాటిలో ఒకదాంట్లోనే నేనూ ఉంటున్నాను. రాళ్ళని కాపాడదాం అంటూ హైదరాబాద్‌లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' 1996లోనే పుట్టింది. కొన్ని గుట్టలు అలాంటివాళ్ళ పోరు వల్లే ఇంకా నిలబడి ఉన్నాయి.

"వీళ్ళు రాయికి కమ్మీ కట్టారు. మనం రాయిని కంకర చేశాం" అన్నారు నాన్న. లెక్కల మాస్టారు కదా, ఒక్క ముక్కలో తేల్చేశారు.

గుర్రం మీంచి పడేవాళ్ళు

తొమ్మిదో రోజు మాన్యుమెంట్ వ్యాలీ చేరాం. అరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దు. దారిలో ఫోను గడియారం ఉన్నట్టుండి గంట ముందుకి దూకింది. అరిజోనాలో ఎండాకాలపు గంట మార్పు పాటించరు. ఈ నేల మాత్రం పాటిస్తుంది. ఎందుకంటే ఇది నవాహో జాతివారి నేల. వాళ్ళకి సొంత ప్రభుత్వం ఉంది. విస్తీర్ణం డెబ్బై వేల చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణలో సగానికి పైమాటే.

ఎర్రమట్టి. ఆ మట్టిలోంచి మూడువందల మీటర్ల దాకా లేచిన ఎర్రరాతి మేడలు. సూర్యుడు దిగుతుంటే వాటి నీడలు మైళ్ళకొద్దీ పాకుతాయి. 1939లో జాన్ ఫోర్డ్ 'స్టేజ్‌కోచ్' తీసి ఈ లోయని ప్రపంచానికి చూపించాడు. ఆ తర్వాత కౌబాయ్ సినిమా అంటే ఈ రాళ్ళే. ఆయన పేరుతో అక్కడొక చోటు కూడా ఉంది. మన ఊళ్ళలో ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ ఆడిన 'మెకన్నాస్ గోల్డ్' (1969)లో, నీడ పొడుగ్గా పాకి బంగారానికి దారి చూపించే రాతి సూది ఉంది చూడండి, అది కూడా నవాహో నేలమీదే, ఇక్కడికి కొన్ని గంటల దూరంలో కాన్యన్ డి షెల్లీలో ఉంది.

నాన్న అనుకున్న 'అసలుది' ఇదే. ఈలేస్తారేమోనని నేనూ అక్కా ఎదురుచూశాం. వెయ్యలేదు. "ఇది ఎవరి ఊరు?" అనడిగారు.

మమ్మల్ని జీపులో తిప్పినాయన నవాహో మనిషి. నాన్న వయసే ఉంటుంది. ఆయనే చెప్పారు. 1864లో అమెరికా సైన్యం వాళ్ళవాళ్ళని ఇక్కణ్ణించి తరిమి, వందల కిలోమీటర్లు నడిపించి, న్యూ మెక్సికోలో ఒక బీడుమీద నిర్బంధించింది. దారిలోనూ, అక్కడా ఎందరో చనిపోయారు. 1868లో ఒప్పందం కుదిరాక మిగిలినవాళ్ళు నడుచుకుంటూ తిరిగొచ్చారు. "మా ముత్తవ్వలు నడిచిన నేల ఇది" అన్నారాయన.

నాన్న నాచేత అడిగించారు. "మీరు కౌబాయ్ సినిమాలు చూశారా?"

ఆయన పకపకా నవ్వారు. "చూడకేం? మా పెద్దవాళ్ళు వేషాలే వేశారు! ఒక సినిమాలో అపాచీలుగా, ఇంకోదాంట్లో కమాంచీలుగా. జాతి ఏదైనా పని ఒక్కటే. తుపాకీ పేలగానే గుర్రం మీంచి పడిపోవడం!"

తర్వాత సినిమా పుస్తకాలు తిరగేస్తే ఆయన మాట అక్షరాలా నిజమని తేలింది. 'స్టేజ్‌కోచ్'లో నవాహోలు అపాచీలు. 'ది సెర్చర్స్' (1956)లో కమాంచీలు. పైగా ఆ కథ జరిగేది టెక్సాస్‌లో!

నేను తెలుగులో చెప్పగానే నాన్న కూడా నవ్వారు. నవ్వి ఆగిపోయారు. కాసేపయ్యాక మెల్లిగా అన్నారు, "మెకన్నాస్ గోల్డ్ నేను నాలుగుసార్లు చూశానురా. ఒక్కొక్కడూ పడిపోతుంటే ఈలేశాను. వాళ్ళ ఊరు ఇంత అందంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు."

ఆ తర్వాత ముసలివాళ్ళిద్దరూ ఒక్కటైపోయారు. భాష లేదు, నేనే దుబాసీ. ఇక్కడ చాలా ఇళ్ళకి ఇప్పటికీ కుళాయి లేదట. వెనక ట్యాంకు కట్టిన బండిలో వెళ్ళి నీళ్ళు తెచ్చుకుంటారట. నాన్న ఉత్సాహంగా, "మా మణికొండలో కూడా అంతేనని చెప్పరా! ఎండాకాలం వస్తే మాకూ ట్యాంకరే గతి!" అన్నారు. ట్యాంకరు రాకపోతే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో జరిగే కురుక్షేత్రం వర్ణించారు. ఆయన తొడమీద చరుచుకుని నవ్వారు. వెనక సూర్యాస్తమయం. ఫొటోగ్రాఫర్లంతా రాళ్ళవైపు తిరిగి ఉన్నారు. నేనొక్కణ్ణే ఈ ఇద్దరివైపు తిరిగి ఫొటో తీశాను.

వెళ్ళేవాళ్ళకి నాలుగు ముక్కలు

మీలో చాలామంది ఇవాళో రేపో అమెరికానో, ఆస్ట్రేలియానో, కెనడానో చూడ్డానికి బయల్దేరతారు. మణికొండలో ఇంటికొకరు ఆ పనిమీదే ఉన్నారు. అలాంటి విశాలమైన దేశాలకి వెళ్ళేటప్పుడు పటంమీద బెత్తెడు దూరాన్ని నమ్మకండి. ఆ బెత్తెడు ఎనిమిది గంటల డ్రైవింగు కావచ్చు. పదిచోట్లు రాసుకుంటే అయిదు కొట్టేయండి. పెద్దవాళ్ళు వెంట ఉంటే ప్రయాణపు ఆరోగ్య బీమా తీసుకోండి. మందుల చీటీ వెంట ఉంచుకోండి. ఎడారిలో పెట్రోలు బంకు కనిపిస్తే ట్యాంకు సగం ఉన్నా సరే నింపుకోండి. నీళ్ళ సీసాలు డజన్ల లెక్కన వేసుకోండి. జాతీయ పార్కులకి ఏడాది పాస్ మేం వెళ్ళినప్పుడు కారుకి 80 డాలర్లు. తర్వాత విదేశీయులకి బాగా పెంచారు కాబట్టి ముందే చూసుకోండి. మాన్యుమెంట్ వ్యాలీకి ఆ పాస్ చెల్లదు. అది నవాహోలది. మనిషికింత అని వాళ్ళకి విడిగా కట్టాలి. కట్టాల్సిందే కదా మరి!

అన్నిటికంటే ముఖ్యం... రెండు గంటలకోసారి ఆగండి. గుండెకి స్టెంటు ఉన్నా లేకపోయినా!

అసలుది ఏది?

తిరిగొచ్చాం. నాన్న ఆరోగ్యం బాగుంది. మా అపార్ట్‌మెంటు కింద బెంచీమీద ఆయనకిప్పుడు రోజూ సభ. "గ్రాండ్ కాన్యన్ ఎలా ఉందండీ మాస్టారూ?" అని అడిగినవాళ్ళకి ఆయన గ్రాండ్ కాన్యన్ గురించి చెప్పరు. నీళ్ళబండి గురించి చెప్తారు. ఖాజాగూడ బండల వయసు చెప్తారు. సెల్లార్లో ఆడుకునే పిల్లల్ని పోగేసి, ఆదివారం పొద్దున్నే గుట్టల దగ్గరికి నడిపించుకుపోతున్నారు. "ఇది మీ తాతకి తాతకి తాతకంటే పెద్దదిరా, దండం పెట్టు" అంటున్నారట.

మొన్నామధ్య రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగారు. "ఒరే, కృష్ణగారు ఆ సినిమా తీసింది రాజస్థాన్‌లో అన్నావు కదూ?"

"అవును. బికనీర్ వైపు."

"మరయితే నేను ఈలేసిన ఎడారి నేనింకా చూడలేదన్నమాట!"

నేను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాను. నిజమే కదా! ఆయన చిన్నప్పుడు చూసి పరవశించిన ఇసుక, కృష్ణగారి గుర్రం తొక్కిన ఇసుక, అమెరికాది కాదు. మనదే. దానికి వీసా అక్కర్లేదు. రైలు టిక్కెట్టు చాలు. మంచుకొండ, ఎడారి, అడవి, సముద్రం అన్నీ ఉన్న విశాలమైన దేశం మనకీ ఒకటుందని ప్రపంచం సగం చుట్టొస్తే గాని మాకు తట్టలేదు.

ఇక్కణ్ణించి ఢిల్లీ దాకా ఒక రైలు, అక్కణ్ణించి ఇంకో రైలు. నాన్న స్లీపర్ చాలంటున్నారు. నేను ఏసీ అంటున్నాను. ఆ ఒక్క తగువు తేలితే డిసెంబర్లో బయల్దేరతాం.

ఈసారి మాత్రం ఈలేస్తానని మాటిచ్చారు.